ప్రోస్టాగ్లాండిన్ పరీక్ష: ఆ అంకె వెనుక ఏముంది?

సంపాదకులకు,

కీళ్లవాపుతో బాధపడుతున్న మా అక్కయ్య, నగరంలోని ఒక పరీక్షా కేంద్రం ఇచ్చిన రిపోర్టును ఇటీవల నా ముందు పెట్టి ‘ఇది ఎక్కువంట్రా, తక్కువంట్రా?’ అని అడిగింది. ఉద్యోగ జీవితమంతా, అణువులను వాటి భారాన్ని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ల మధ్య గడిపినా జవాబు చెప్పలేకపోయాను. రక్తంలో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 (వాపు వచ్చినప్పుడు ఒంట్లో తయారయ్యే ఒక పదార్థం) ఇంత అని అంకె వేశారు గానీ, రక్తం ఏ ట్యూబులో తీశారో, ఎంతసేపు నిలవ ఉంచారో రాయలేదు. అవి తెలియనిదే ఆ అంకెకు విలువ లేదు.

వాపు వచ్చిన చోట కణాలు తమ పొరల్లోని అరాకిడోనిక్ ఆమ్లమనే 20 కార్బన్ల కొవ్వు ఆమ్లాన్ని విడదీసి, దానినుంచి ప్రోస్టాగ్లాండిన్లను, ల్యూకోట్రైన్లను తయారుచేస్తాయి. ఆస్పిరిన్ అడ్డుకునేది ప్రోస్టాగ్లాండిన్ల తయారీనేనని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపాడు. తయారీ గురించి అందరూ చెబుతారు. శరీరం వీటిని ఎంత త్వరగా చెరిపేస్తుందో చెప్పేవారు తక్కువ. రక్తంలో కలిసిన ఇ2లో అధిక భాగం ఊపిరితిత్తుల గుండా ఒక్కసారి సాగేసరికే రూపం మారిపోతుంది, ఆపైన మరికొన్ని మార్పులకు లోనై చివరకు మూత్రంలో బయటికి పోతుంది. కాబట్టి ఒంట్లో ఎంత తయారైందో అంచనా కట్టాలంటే మూత్రంలోని ఆ చివరి రూపాన్ని కొలవడమే మేలు. ఉబ్బసంలో పాత్ర ఉన్న ల్యూకోట్రైన్ల విషయంలోనూ మూత్రంలోని ల్యూకోట్రైన్ ఇ4నే కొలుస్తారు.

రక్తంతో ఇంకో చిక్కుంది. ఇదే కుటుంబానికి చెందిన థ్రాంబాక్సేన్ బి2 ఒంట్లో ప్రవహించే రక్తంలో మిల్లీలీటరుకు ఒకటి రెండు పికోగ్రాములకు మించదు. అదే రక్తాన్ని గాజు గొట్టంలో గడ్డకట్టనిస్తే దాదాపు 300 నానోగ్రాములకు, అంటే లక్ష రెట్లకు పైగా, చేరుతుంది. అప్పుడు మనం కొలిచేది రోగిని కాదు, గొట్టాన్ని!

కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరుకూ పరిమితులున్నాయి. ప్రోస్టాగ్లాండిన్ ఇ2, డి2 రెండింటి అణుభారమూ 352. యంత్రంలో ఆ అణువులను విరగ్గొట్టినా ముక్కలు చాలావరకు ఒకే తీరుగా వస్తాయి. ముందుగా క్రొమటోగ్రఫీతో (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే పద్ధతి) విడదీయకుండా ఏది ఏదో తేల్చమనడం, కవల పిల్లలను కాటాలో కూర్చోబెట్టి పేర్లు చెప్పమన్నట్టే. కొన్ని హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న అదే అణువును తెలిసిన మోతాదులో నమూనాకు మొదటే కలిపితే, శుద్ధి చేసేటప్పుడు జరిగిన నష్టం కూడా లెక్కకు వస్తుంది.

ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో మాస్ స్పెక్ట్రోమెట్రీ మీద, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ కొవ్వు అణువుల మీద పరిశోధన జరిగిన నగరమిది; ఇక్కడ ఇవి తెలిసినవారికి కొదవ లేదు. ఇలాంటి పరీక్షలు అమ్మేవారు నమూనా రకం, గడ్డకట్టకుండా కలిపిన మందు, తీసిన సమయం, నిలవ ఉంచిన ఉష్ణోగ్రత, కొలతకు ప్రమాణంగా కలిపిన అణువు రిపోర్టులోనే ముద్రించాలని ఆరోగ్యశాఖ ఆదేశించాలి. అక్కయ్యకు మాత్రం ఆ కాగితాన్ని పక్కన పెట్టి, మోకాలు చూసే డాక్టరు దగ్గరికే వెళ్లమని చెప్పాను.

— ఒక విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగి, తార్నాక, హైదరాబాద్