పెంబర్తి పెద్దాయనకు, ఇంకా అందరికీ థాంక్స్

నిన్నటితో నాన్న పదో రోజు అయిపోయింది. నిద్ర లేదు, తప్పులుంటే ఏమనుకోకండి. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేను.

మా నాన్న వరంగల్‌లో ఒకే బ్యాండు మేళంలో 1982 నుంచి 2021 దాకా యుఫోనియం (నోటితో ఊదే పెద్ద ఇత్తడి బాజా) వాయించారు. ఐనవోలు జాతర, భద్రకాళి చెరువు కాడ నిమజ్జనాలు, లెక్కలేనన్ని బారాత్‌లు. ఆయాసం ముదిరాక దాన్ని పాత ధోవతిలో చుట్టి సజ్జ మీద పెట్టేశారు. "పదో రోజు అన్న బాజానే వాయిస్తం" అన్నారు మేళం వాళ్లు. తీరా దింపి చూస్తే మూడు పిస్టన్లూ బిగుసుకుపోయాయి, అంతా చిలుము. రిపేరుకు నెల పడుతుందన్నారు.

ఎవరో చెబితే తొమ్మిదో రోజు మధ్యాహ్నం బండి మీద పెంబర్తి పోయాను. ఇత్తడి రేకు పని చేసే ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేం దేవుళ్ల కవచాలు చేస్తం బిడ్డా, బాజాలు ఎరుగం" అన్నారు. రేపే దినం అని చెప్పాను. ఇంకో మాట లేకుండా చేతిలో పని పక్కకు జరిపారు. కింది మూతలు విప్పి, కిరోసిన్ పోసి నానబెట్టి, చెక్క సుత్తితో ఒక్కో సొట్టా తీస్తూ రాత్రి 11 దాకా కూర్చున్నారు.

చివరికి మౌత్‌పీస్ దీపం కింద పెట్టి, "మీ నాయన ఒక పక్కకు పెట్టి ఊదేటోడా?" అని అడిగారు. చూస్తే అంచున ఎడమ వైపు మాత్రమే వెండి పూత అరిగిపోయి ఇత్తడి తేలింది. ఎప్పుడో ఒక బారాత్ తోపులాటలో నాన్న ముందు పన్ను ఊడింది. అప్పటి నుంచి అలాగే ఊది ఉంటారు. కొడుకునై ఉండి నేను ఒక్కనాడూ గమనించలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. "దీనికి పాలిష్ పెట్టను, ఉండనీ" అన్నారాయన. పైసలు ముట్టలేదు. వాయించేటప్పుడు ఫోన్ చెయ్యమన్నారు, అంతే. చేశాను. పాట అయ్యేదాకా లైన్‌లోనే ఉన్నారు.

అన్నా వదినా, చెల్లె, బావ అన్నీ చూసుకున్నారు. వాళ్లకు థాంక్స్ చెబితే తిడతారు.

ఒక్క బాధ మాత్రం ఉంది. కళాకారుల పింఛను కోసం నాన్న మూడుసార్లు దరఖాస్తు పెట్టారు. "బ్యాండు కొట్టుడు కళ ఎట్లయితది?" అని కౌంటర్ దగ్గర ఒకాయన నవ్వాడట. దాదాపు 40 ఏళ్లు ఊదిన మనిషి ఆ రోజు అన్నం తినలేదు. డీజేలు వచ్చాక గిరాకీ ఎట్లాగూ సగమైంది, ఈ మాట ఇంకెందుకు?

అయ్యో, రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలను మరిచిపోయాను, పేర్లు కూడా అడగలేదు. రాత్రుళ్లు చాయ్ పంపిన ఎదురింటి అక్కకు కూడా.

ఇంకొకటి. ఫ్రీజర్ బాక్సు తెచ్చిన తమ్ముడు కిరాయి తీసుకోకుండానే వెళ్లిపోయాడు. నంబరు రాసుకున్న కాగితం పోయింది. ఇది చూస్తే ఒకసారి ఫోన్ చెయ్యి తమ్మీ.