నీళ్ళు ఆగితే బూస్ట్ కూడ దిగాలె

ఎడిటర్ గారికి నమస్తే. టర్బో పెట్రోల్ కార్లకు వాటర్ ఇంజెక్షన్ కిట్ (ఇంజన్ల పోయే గాలిల సన్నగ నీళ్ళు చిమ్మే పంపు, నాజిల్) పెట్టుకుంటే పికప్ ఎట్ల పెరుగుతదో మీ ఆదివారం పేజీల మంచిగ రాసిన్రు గనీ, ఆ నీళ్ళు నడుమల ఆగిపోతే ఇంజన్ గతేందో ఒక్క ముక్క రాయలే.

కిలో నీళ్ళు ఆవిరి కావాలంటే దాదాపు 2260 కిలోజౌల్స్ వేడి గుంజుకుంటయి, పెట్రోల్ అయితే అండ్ల ఆరో వంతు. అందుకే టర్బోల కెల్లి వచ్చే వేడిగాలి చల్లబడి నాకింగ్ (ఇంజన్ల పెట్రోల్ తనంతట తానే పేలుడు) ఆగుతది, ఆ ధైర్యంతోనే ట్యూనింగ్ చేసేటోళ్ళు బూస్ట్ (టర్బో ఇంజన్ల నెట్టే గాలి ప్రెషర్) పెంచి టైమింగ్ (స్పార్క్ ప్లగ్ నిప్పు పెట్టే సమయం) ముందుకు జరుపుతరు. మే నెల ఎండల నకిరేకల్ దాటినంక విజయవాడ హైవే మీద ఫుల్లుగ తొక్కుతుంటే పంపు ఆగిందనుకోన్రి, బూస్ట్ గట్లనే, టైమింగ్ గట్లనే, నీళ్ళే ఉండయి. నాకింగ్ టకటక చప్పుడు చెవులపడే లోపట్నే పిస్టన్ అంచు కరిగిపోవచ్చు.

ట్యాంకుల నీళ్ళు తగ్గితే చెప్పే ఫ్లోట్ స్విచ్, డాష్‌బోర్డ్ మీద ఎర్రలైటు ఉంటే సాలంటరు చాలామంది. మరి ట్యాంకు నిండ నీళ్ళుండి నాజిల్ జామైతే? ప్రెషర్ స్విచ్ కూడ పట్టదు, ఎందుకంటే నాజిల్ మూసుకపోయినా లైన్ల ప్రెషర్ తగ్గదు గదా. ఫ్లో సెన్సర్ పెట్టాలె, తక్కువ పారితే నాజిల్ జామ్, మస్తు పారితే పైపు ఊడినట్టు, రెండూ పట్టుకోవాలె. ఇగ మన నల్లగొండ బోరు నీళ్ళు పోస్తే నాజిల్ జామ్ గాక ఏమైతది, వాటర్ హీటర్ రాడ్‌కు తెల్లగ పేరుకునే సున్నమే ఆ సన్న రంధ్రంల కూసుంటది. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటరే పోయాలె.

అసలు ముచ్చటేందంటే లైటు చూసి డ్రైవర్ కాలు తీస్తడని నమ్ముకోవద్దు, బూస్ట్ దానంతట అదే దిగాలె. బూస్ట్ పెంచే కరెంటు వాల్వ్, అదే సోలెనాయిడ్‌కు పోయే కరెంటు కిట్ రిలేల కెల్లి పోవాలె, నీళ్ళల్ల తేడా వచ్చినా, వైరు తెగినా, రిలేనే కాలిపోయినా సోలెనాయిడ్ ఆగి బూస్ట్ వేస్ట్‌గేట్ (టర్బోకు పోయే పొగను పక్కకు వదిలే తలుపు) స్ప్రింగ్ లెవెల్‌కు పడిపోయేటట్టు. ఆ స్ప్రింగ్ ఇచ్చే బూస్ట్ కూడ నీళ్ళు లేకున్నా ఇంజన్ తట్టుకునేదే ఉండాలె, లేకుంటే వైరింగ్ చేసి ఏం లాభం. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఫాల్ట్ చూపిచ్చి బండి పవర్ తగ్గించి నడిచే లింప్ మోడ్‌ల పడితే పడనీయిన్రి, ఇంజన్ బోర్ కొట్టించుడు కన్న నయం.

ఇదేం కొత్త తెలివి కాదు, 1962ల అమెరికాల వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌ల నీళ్ళు మెథనాల్ కలిపిన ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ తగ్గించే ఏర్పాటు అప్పట్లనే పెట్టిన్రు, 2016ల వచ్చిన బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌ల కూడ అంతే. మన దగ్గర ఫిట్ చేసేటోళ్ళు మాత్రం దీని గురించి అడిగితే "ఏం గాదన్నా, నడుస్తది" అంటరు. పైసలిచ్చే ముందు పంపు కనెక్టర్ పీకిపిచ్చి, రోడ్డు మీద నడిపిచ్చి, గేజ్‌ల బూస్ట్ దిగుతుందో లేదో చూడున్రి, దిగకపోతే బండి తీస్కపోవద్దు.

ఆర్టీఏ, ఇన్సూరెన్స్ లొల్లి వేరే ఉంది, అది ఇంకోపారి. మెథనాల్ కలిపేటోళ్ళు మాత్రం అది విషమని యాది పెట్టుకోన్రి, తాగే నీళ్ళ సీసాలల్ల పోసి డిక్కీల పెట్టకున్రి. వచ్చే వారం పేజీల ఈ సేఫ్టీ సంగతి కూడ బొమ్మేసి వెయ్యున్రి సారు.

ఇట్లు,
ఒక మెకానిక్, మిర్యాలగూడ