వెనుక బ్రేక్ డ్రమ్ములు ఊడదీసే పుల్లర్, దాని సూచనల పత్రంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ పుల్లర్ వాడకంలో బ్రేక్ డ్రమ్ము విరిగిపోవడం, సూచనల పత్రంలోని ప్రమాదకరమైన లోపాలు.

అయ్యా,

పాత కార్ల వెనుక డ్రమ్ములన్నిటికీ పనికొస్తుందని పెట్టెపై ముద్రించి మీరు అమ్ముతున్న మూడు కొక్కేల పుల్లర్‌ను కొని, మీ పత్రంలో చెప్పినట్టే డ్రమ్ము అంచుకు తగిలించి బిగించాను. డ్రమ్ము కదలలేదు సరికదా, ఒక కొక్కెం పట్టిన చోట అంచు నెలవంక ఆకారంలో విరిగి ఊడిపడింది. పుల్లర్ నడిమి బోల్టు మర కూడా చెడిపోయింది. విరిగిన చోట ఇనుము ఎక్కడా తుప్పు మరక లేకుండా బూడిదరంగులో శుభ్రంగా ఉంది కనుక, అది పాత పగులు అనడానికి వీలులేదు.

నా కారులో హబ్బు (చక్రం బిగించే నడిమి భాగం), డ్రమ్ము ఒకే భాగంగా ఉండి, చివరకు సన్నబడే యాక్సిల్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) మీద కీతో, అంటే జారి తిరగకుండా పట్టే చిన్న లోహపు ముక్కతో, కూర్చుంటాయి. పెద్ద నట్టు బిగించేకొద్దీ హబ్బు ఆ వాలు మీదికి ఎక్కి పట్టేస్తుంది. ఏళ్ల తరబడి తీయకపోతే తుప్పు దానికి తోడవుతుంది. ఇలాంటి డ్రమ్మును చక్రం స్టడ్లకు (చక్రాన్ని బిగించే మరల కడ్డీలకు) బిగించే పుల్లర్‌తో తీయాలే తప్ప అంచు పట్టి లాగకూడదు. పోత ఇనుము నొక్కుడును బాగా తట్టుకున్నా, లాగితే, వంచితే పెళుసుగా విరుగుతుందన్న సంగతి పనిముట్లు తయారుచేసే మీకు తెలియనిది కాదు.

మీ పత్రం అంతకంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. నట్టును పూర్తిగా తీసేయమని అందులో ఉంది. వాలు మీద బిగిసిన డ్రమ్ము వదిలేటప్పుడు ఒక్క ఉదుటున ఎగిరి వస్తుంది కాబట్టి, నట్టును కొన్ని చుట్లు వదులు చేసి యాక్సిల్ మీదే ఉంచాలి. నేను అలాగే ఉంచాను. నడిమి బోల్టును సుత్తితో గట్టిగా కొట్టమన్నారు. ఆ దెబ్బ యాక్సిల్ గుండా బేరింగులకు, డిఫరెన్షియల్‌కు (రెండు వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్లకు) చేరుతుంది. హ్యాండ్ బ్రేక్ వదలాలని గానీ, అడ్జస్టర్ (షూల ఎడం సరిచేసే మర) తిప్పి, డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే బ్రేకు షూలను లోపలికి తీయాలని గానీ ఒక్క మాటా లేదు. అరిగిన డ్రమ్ము లోపల అంచు దగ్గర మిగిలే గట్టు షూలకు తగులుకుంటుందని తెలియనివారు ఎంత లాగినా ఏం లాభం? లోపలి దుమ్మును గాలితో ఊదేయమనడం మరీ దారుణం. షూల మీద ఉండే పాత లైనింగుల్లో (ఒరిపిడి పొరల్లో) ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పీల్చకూడదు.

నేను అతిగా బలం వాడి ఉంటానని మీ ప్రతినిధి ఫోనులో అన్నారు. ఎంత బలం వరకు వాడవచ్చో మీ పత్రంలో, పెట్టెపైన, పుల్లర్ మీద ఎక్కడా లేనప్పుడు ఆ మాటను నేను అంగీకరించలేను.

కాబట్టి పుల్లర్ ధరను తిరిగి చెల్లించి, విరిగిన డ్రమ్ముకు బదులు సరిపోయే డ్రమ్మును సమకూర్చవలసిందిగా, లేదా దానికయ్యే ఖర్చును భరించవలసిందిగా కోరుతున్నాను. ఈ కారు భాగాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది గనుక వెతకడానికి సమయం పడుతుందని నాకు తెలుసు, అందుకు సిద్ధంగానే ఉన్నాను. పెట్టెపై ఉన్న ఆ హామీని తొలగించడం, పత్రాన్ని సరిదిద్ది ఇప్పటికే కొన్నవారికి పంపడం మాత్రం వెంటనే జరగాలి.

ఫోటోలు, రసీదు నకలు జతచేశాను. విరిగిన ముక్కను, పుల్లర్‌ను అలాగే భద్రపరిచాను. మీ సాంకేతిక సిబ్బంది వచ్చి పరిశీలించవచ్చు. లిఖితపూర్వకమైన సమాధానం కోసం ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారు