లిస్టులో కొట్టేసిన పేరు

పలాస,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ప్రభువు నామంలో వందనాలు. మొన్న ఫోన్లో మాట మధ్యలో తుంచేశాను, ఏమీ అనుకోకు. నీ హాస్టల్ గదిలో పిల్ల ఆదివారం చర్చికి వస్తుందని, సోమవారం బొట్టు పెట్టుకుని కాలేజీకి వెళ్తుందని చెప్పి, "అలాంటోళ్లది భక్తేటమ్మా?" అన్నావు. నిన్ను కోప్పడే మొహం నాకు లేకపోయింది. నువ్వు నోటితో అన్నావు, నేను ఒకప్పుడు పెన్నుతో అన్నాను.

తిత్లీ తుపాను గుర్తుందా? 2018 అక్టోబరు 11, తెల్లవారుజాము. నువ్వప్పుడు ఎనిమిదో తరగతి. ఉద్దానమంతా కొబ్బరి చెట్లు విరిగి పడ్డాయి, జీడి తోటలు వేళ్లతో లేచిపోయాయి. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. కొన్నాళ్లకి బయట ఊళ్ల విశ్వాసులు బియ్యం, కొవ్వొత్తులు పంపించారు. నా అక్షరం బాగుంటుందని లిస్టు రాసే పని నాకు అప్పజెప్పారు. మా జీడిపప్పు షెడ్డులో జీడి పిక్కలు కొట్టే ఆమె పేరు రాశాను, మళ్లీ కొట్టేశాను. అంతకు ముందు నెలలో వినాయకచవితి పందిరి దగ్గర బొట్టుతో ప్రసాదం పుచ్చుకుంటూ నా కంట పడింది మరి.

పంచే రోజు ఆమె వచ్చింది. సంచి మడిచి చంకలో పెట్టుకుని వేపచెట్టు కింద నిలబడింది. పేర్లన్నీ పిలవడం అయిపోయింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ సంచినే ఇంకాస్త చిన్నగా మడుచుకుని వెళ్లిపోయింది. జీడి రసానికి నల్లబడిన ఆ వేళ్లు, ఆ మడత ఇప్పటికీ నా కళ్లలో ఉన్నాయి.

తర్వాత తెలిసింది. అత్తారింట్లో ఆమె ఒక్కతే ప్రభువుని నమ్ముకుంది. బొట్టు లేకుండా గడప దిగితే తిట్లతో పోయేది కాదట. చూడు, షెడ్డులో నా పనే గ్రేడింగు, పప్పుని రకాలుగా ఏరడం. గుండు, అంటే విరగని పప్పు, ఒక పక్క, బద్ద ఒక పక్క. సైజుని బట్టి 240 రకమేదో 320 రకమేదో కంటితోనే చెప్పేస్తాను. కానీ పప్పునైనా పొట్టు తీశాకే కదా చూస్తాం.

లూకా 18లో దేవాలయంలో ప్రార్థన చేస్తూ తన భక్తి చెప్పుకున్న పరిసయ్యుడి మాటలు అబద్ధాలు కావమ్మా. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నమాట నిజమే, పదియవ వంతు ఇచ్చినమాటా నిజమే. నేను చూసిన బొట్టు కూడా నిజమే. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది మాత్రం ఆ పరిసయ్యుడు చిన్నచూపు చూసిన సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు.

అలాగని తప్పుని తప్పు అనకూడదనే మాట నేను ఒప్పుకోను. మత్తయి 7లో "తీర్పు తీర్చకుడి" అన్న ప్రభువే, అదే అధ్యాయంలో అబద్ధ ప్రవక్తలను వాళ్ల ఫలాలను బట్టి తెలుసుకోమన్నాడు. ఎదుటివాడి కంట్లో నలుసుని వదిలెయ్యమనలేదు, ముందు నీ కంట్లో దూలం తీసుకోమన్నాడు. వడ్రంగి ఇంట్లో పెరిగినవాడికి దూలమంటే ఏమిటో తెలుసు. తిత్లీకి మన వంటింటి తాటిదూలం పడితే నలుగురు పట్టుకుని లేపారు. అలాంటిది కంట్లో ఉన్నా నాకు తెలియలేదు!

ప్రసాదం సంగతి తేలికని కూడా నేననను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో విగ్రహాలకు అర్పించిన వాటి గురించి ఉన్న 8, 10 అధ్యాయాలు నిదానంగా చదువు. రోమాలో ఉన్న విశ్వాసుల్లోనూ తిండి గురించి, దినాల గురించి ఇలాంటి గొడవే. ఒకళ్లు అన్నీ తింటారు, ఒకళ్లు కూరగాయలే. "పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు?" అని అడిగాడు పౌలు. ఆ పిల్ల నీకు జీతగత్తె కాదు కదా, లెక్క నీకు చెప్పడానికి.

రెండేళ్లు పట్టింది నాకు, ఆమె దగ్గరికి వెళ్లి నోరు విప్పడానికి. "ఏ లిస్టు ఒదినా? ఆ పూట మా ఇంట బియ్యం ఉన్నాయి" అంది, పిక్కలు కొడుతూ, తలెత్తకుండా. ఉన్నాయో లేవో నాకు ఈరోజుకీ తెలీదు.

బస్సు పార్సిల్లో కేజీ పప్పు వేశాను. గుండు కాదు, బద్దే. సగం ఆ పిల్లకియ్యి. నాన్న మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

అమ్మ