కాగితం కోస్తే సరిపోతుందా?

సంపాదకులకు,

వంటింటి కత్తుల పిచ్చి ఉన్న మా గుంటూరు మిత్రుల మధ్య ఆ కత్తుల రివ్యూల మీద ఎప్పుడూ గొడవే. ఉచితంగా కత్తి పుచ్చుకున్నవాడి మాట నమ్మొద్దని ఒకరు. సొంత డబ్బు పోసి కొన్నవాడు మాత్రం తన కత్తిని తక్కువ చేసుకుంటాడా అని మరొకరు. రెండో మాటే నాకు సబబు. ఉచితమైతే ఆ సంగతి చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనే మార్గదర్శకాలిచ్చింది. రివ్యూల్లో పెట్టె విప్పగానే కాగితం కోసి చూపిస్తారు. అది ఫ్యాక్టరీ పదును. పెళ్లి వంటకి బస్తా ఉల్లిపాయలు తరిగాక, పండిన టమాటా తొక్క మీద కత్తి దిగిందా, జారిందా? జపాన్ కత్తుల్లో వాడే వీజీ-10 ఉక్కు, గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 60 దాకా ఉంటుంది. పదును నిలుస్తుంది గానీ ఎముక తగిలితే అంచు పెచ్చులూడుతుంది. ఆ పెచ్చును దగ్గరగా చూపించినవాడు ఉచితంగా తీసుకున్నా సరే, నేను నమ్ముతాను.

— ఓ క్యాటరింగ్ వంటమాస్టర్, బ్రాడీపేట, గుంటూరు