ఐర్లండ్ ఉన్ని పని షాపుల్లో కాదు, ఊరి హాళ్లలో చూడాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఐర్లండ్ యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. మోహర్ కొండచరియల గురించి, డబ్లిన్ వీధుల గురించి చాలా బాగా రాశారు. చివర్లో మాత్రం "ఐర్లండ్ చేనేత ఇప్పుడు టూరిస్టు షాపుల్లో స్వెట్టర్లకే పరిమితమైంది" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను మేయో కౌంటీలో ఒక వృద్ధాశ్రమంలో కేరర్‌గా పనిచేస్తున్నాను. సెలవు దొరికినప్పుడల్లా ఇక్కడి ఆడవాళ్లతో కూర్చుని ఉన్ని పని నేర్చుకుంటున్నాను. ఆ వాక్యం నాకు అస్సలు మింగుడుపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు స్వెట్టర్ సంగతి. పశ్చిమ తీరంలోని అరన్ దీవుల పేరుతో అమ్మే అరన్ స్వెట్టర్ మగ్గం మీద నేసేది కాదు, సూదులతో అల్లేది. షాపుల్లో వేలాడేవాటిలో చాలా భాగం మిషన్ మీద తయారైనవే. వాటి ఉన్ని కూడా ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మెరీనో గొర్రెలది. చేత్తో అల్లినవీ ఉన్నాయి, ధర చూస్తేనే తేడా తెలిసిపోతుంది. ఏదైనా, ఆ షాపులు చూసి ఈ దేశపు మగ్గం ఆగిపోయిందని అనుకోకూడదు.

మగ్గం చూడాలంటే డొనెగల్ కౌంటీకి వెళ్లాలి. ఆర్డరా, కిల్కార్ ఊళ్లలో చేతిమగ్గం మీద ట్వీడ్ అనే మందపాటి ఉన్ని బట్ట నేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డొనెగల్ టౌన్‌లో 1866లో మొదలైన మగీ సంస్థ ఈ రోజుకీ ట్వీడ్ అమ్ముతోంది. ఆ బట్టను దూరం నుంచి చూస్తే ఉత్త బూడిద రంగే. చేతిలోకి తీసుకుంటే అందులో పసుపు, నీలం, ఎరుపు చుక్కలు కనిపిస్తాయి. అవి తర్వాత అద్దినవి కావు. దారం వడికే ముందే రంగు వేసిన చిన్న చిన్న ఉన్ని ఉండలను మిగతా ఉన్నిలో కలుపుతారు. వాటిని నెప్స్ అంటారు. వడికాక అవి దారంలో అక్కడక్కడా చిక్కుకుని ఉంటాయి. ఏ చుక్క ఎక్కడ పడుతుందో నేసేవాడికి కూడా ముందుగా తెలియదు. పాత రోజుల్లో రంగులన్నీ చుట్టుపక్కలవే. రాళ్ల మీద నాచులా పెరిగే క్రోటల్ అనే లైకెన్‌ను గీరి, ఉన్నితో కలిపి ఉడకబెడితే ఎరుపు కలిసిన గోధుమ రంగు వచ్చేది. డొనెగల్ కొండల్ని చూశాక ఆ బట్ట రంగు ఎక్కడిదో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఈ పని సుఖంగా బతికి బట్టకట్టలేదు. 1699లో ఇంగ్లండ్ పార్లమెంటు ఐర్లండ్ ఉన్ని బట్టను వేరే దేశాలకు ఎగుమతి చేయకుండా చట్టం చేసింది. తమ నేత వ్యాపారానికి పోటీ ఉండకూడదని. ఆ దెబ్బకు ఎగుమతి నేతపని కుదేలైంది. ఉత్తరాన నార బట్టకు (లినెన్) ప్రోత్సాహం దొరికింది కానీ, ఉన్ని పని చాలావరకు ఇంటి అవసరాలకు మిగిలిపోయింది. మా మేయోలో ఫాక్స్‌ఫర్డ్ అనే ఊరుంది. అక్కడ 1892లో మదర్ ఆగ్నెస్ మోరా-బర్నార్డ్ అనే సన్యాసిని మోయ్ నది ఒడ్డున ఉన్ని మిల్లు పెట్టారు. ఆవిడకు మిల్లు నడపడం గురించి ఏమీ తెలియదు. టైరోన్ కౌంటీలో కాలెడన్ మిల్లు నడుపుతున్న ఒక ప్రొటెస్టెంటు యజమానికి ఉత్తరం రాసి సలహా అడిగారు. మతం వేరైనా ఆయన సాయం చేశారు. పశ్చిమ జిల్లాల పేదరికం తగ్గించడానికి అంతకు ముందు ఏడాదే ఏర్పడిన ప్రభుత్వ బోర్డు అప్పు ఇచ్చింది. కరువు, వలసలతో చితికిపోయిన ఊళ్లో నాలుగు వేళ్లూ నోట్లోకి వెళ్లే దారి దొరికింది. ఆ మిల్లు పేరు మీద దుప్పట్లు, శాలువాలు ఇప్పటికీ వస్తున్నాయి, లోపలికి వెళ్లి చూడొచ్చు కూడా.

అయితే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మిల్లుల గురించి కాదు. ఇక్కడ ఊరివాళ్లంతా కలిసి చేసే గుడ్డ పని, దాన్ని గోడకు తగిలించి అందరికీ చూపించే పద్ధతి గురించి. దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1902లో డబ్లిన్ పక్కన డండ్రమ్‌లో ఎవెలిన్ గ్లీసన్, కవి యేట్స్ చెల్లెళ్లు ఎలిజబెత్, లిలీ కలిసి డన్ ఎమర్ అనే సంస్థ పెట్టారు. చుట్టుపక్కల అమ్మాయిలకు కుట్టుపని, తివాచీలు నేయడం, అచ్చుపని నేర్పారు. గాల్వే కౌంటీ లాఖ్రే చర్చిలో ఆ అమ్మాయిలు కుట్టిన, సాధువుల బొమ్మలున్న బ్యానర్లు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత 1930లో మ్యూరియల్ గహాన్ అనే ఆవిడ డబ్లిన్ సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ దగ్గర కంట్రీ షాప్ తెరిచి పల్లెల్లో నేసే, వడికే, అల్లే వాళ్ల సరుకు నేరుగా పట్నంలో అమ్మించారు. 1978 దాకా ఆ షాపు నడిచింది. ఇలాంటి మనుషుల పేర్లు టూరిస్టు పుస్తకాల్లో ఎందుకు ఉండవో నాకర్థం కాదు.

మీ రిపోర్టర్ గారు ఈసారి వస్తే వెక్స్‌ఫర్డ్ కౌంటీ న్యూ రాస్ ఊరివాళ్ల రాస్ టాపెస్ట్రీ గురించి తప్పకుండా తెలుసుకోవాలి. నార్మన్లు ఈ దేశానికి వచ్చిన కథను 15 పెద్ద పటాలుగా కుట్టారు. 1998లో మొదలుపెట్టారు. బొమ్మలు గీసింది ఆన్ గ్రిఫిన్ బెర్న్‌స్టార్ఫ్ అనే చిత్రకారిణి. కుట్టింది మాత్రం నూట యాభై మందికి పైగా వాలంటీర్లు. నార బట్ట మీద ఉన్ని దారంతో, ఏళ్ల తరబడి. ఒక్క పైసా జీతం లేకుండా అంతమంది ఒకే బట్ట ముందు అన్నేళ్లు కూర్చున్నారంటే ఆ పనిని "పరిమితమైంది" అని ఎలా అంటాం?

ఇక మా పని ఫెల్ట్, అంటే నేయకుండా ఉన్నిని రుద్ది, అదిమి చేసే గుడ్డ. దీనికి మగ్గం అక్కర్లేదు, పడుగు పేకలు అక్కర్లేదు, దారం కూడా అక్కర్లేదు. ఏకిన ఉన్నిని పలచటి పాయలుగా తీసి, ఒక వరస అడ్డంగా, దాని మీద ఇంకో వరస నిలువుగా పరుస్తాం. పైన వల గుడ్డ కప్పి గోరువెచ్చటి సబ్బునీళ్లు చల్లి అరచేత్తో రుద్దుతాం. మొదట్లో చాలా మెల్లగా రుద్దాలి. తొందరపడితే పాయలు జరిగిపోయి బొక్కలు పడతాయి. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. వేడికి, తడికి, రాపిడికి అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెండు వేళ్లతో గిల్లి పైకి లాగితే పోగులు విడిగా రాకుండా ముక్క మొత్తం లేచి వచ్చిందంటే కుదిరినట్టు. అప్పుడు చుట్టచుట్టి, బల్ల మీద అటూ ఇటూ దొర్లించాలి. దిక్కు మార్చి మళ్లీ దొర్లించాలి. ఎటు దొర్లిస్తే అటు కుంచించుకుపోతుంది. ఫెల్ట్ తెలిసినవాళ్లు బొమ్మను ముందే పెద్దదిగా వేసుకునేది అందుకే.

మా వృద్ధాశ్రమంలో మేనేజర్ అనుమతితో ఈ పని మొదలుపెట్టాం. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు కూడా కూర్చుంటారు. వాళ్లలో అరన్ దీవుల నుంచి పెళ్లయి ఇటు వచ్చిన పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడకు మధ్యాహ్నం ఏం తిన్నదీ గుర్తుండదు. ఒకరోజు రంగు దారాలు చేతికిస్తే, బూటు విప్పమని సైగ చేసి, దారాల కొసను పాదానికి తగిలించి లాగి పట్టుకుని నేయడం మొదలుపెట్టారు. దాన్ని క్రిస్ అంటారు. మగ్గం లేకుండా కాలికీ చేతికీ మధ్య నేసే రంగురంగుల నడికట్టు. దీవుల్లో మగవాళ్లు ప్యాంటు మీద కట్టుకునేవాళ్లు. రెండు అంచుల్లో తెల్ల దారం ఉండాలని, నేను తప్పు రంగు అందిస్తే పక్కకు తోసేశారు. పూర్తి కాలేదు, ఒక జానెడు వచ్చింది. దాన్ని అలాగే మా పటాలతో పాటు ఊరి లైబ్రరీ ప్రదర్శనలో పెట్టాం. అక్కడికి వచ్చిన పిల్లలు ఎక్కువసేపు నిలబడింది దాని ముందే.

ప్రదర్శనలు పెట్టేవాళ్లతో నాకు ఒక పేచీ ఉంది, అదీ రాస్తాను. పటం కింద "మెరీనో ఉన్ని, సమష్టి కృషి" అని చీటీ అంటిస్తారు. ఎవరి చేయి, ఏ గొర్రె ఉన్ని అన్నది ఉండదు. బయట చూస్తే కొండల నిండా నల్లమూతి గొర్రెలు. వాటి ఉన్ని కిలోకు 20 సెంట్లు కూడా పలకని ఏళ్లున్నాయి. ఒక్కో గొర్రెకు కత్తిరింపు కూలీ రెండు మూడు యూరోలు. ఉన్ని అమ్మితే ఆ కూలీ కూడా రాదు. దేశంలో పెద్ద ఎత్తున ఉన్ని కడిగే కేంద్రం లేక బ్రిటన్‌కు పంపాల్సిన పరిస్థితి. నిజమే, ఆ కొండ గొర్రె ఉన్ని కొబ్బరి పీచులా గరుకుగా ఉంటుంది, మెడకు చుట్టుకోలేం. కానీ గోడ పటానికి, చాపకు, సంచికి అదే గట్టిది. గాల్వే జాతి గొర్రె ఉన్ని ఇంకాస్త నయం. 2022లో ప్రభుత్వం దేశీ ఉన్ని వాడకం మీద ఒక నివేదిక తెప్పించింది. మంచిదే. అయితే ముందుగా మా లాంటి చిన్న బృందాలు పక్క పొలం రైతును అడిగి నాలుగు గొర్రెల ఉన్ని తెచ్చి, కడిగి, ఏకి, దాంతో ఒక్క పటమైనా చేయాలి. చీటీ మీద ఆ రైతు ఊరు, చేసినవాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే రాయాలి. మా బృందంలో ఈ మాట గట్టిగానే అన్నాను. కడగడం ఎంత కష్టమో తెలుసా అన్నారు. తెలుసు. పేడ, జిడ్డు, ముళ్లు, ఆ వాసన. అయినా చేయాలనే నా పట్టు. వచ్చే పటానికి ఒప్పుకున్నారు.

ఇక్కడున్న తెలుగువాళ్లకూ ఒక మాట. పిల్లల్ని తీసుకుని కాసిల్‌బార్ దగ్గర టర్లా పార్క్‌లోని నేషనల్ మ్యూజియానికి వెళ్లండి. టికెట్ లేదు. పల్లె జీవితమంతా అక్కడ పెట్టారు, రాట్నాలతో సహా. ఊరి లైబ్రరీ నోటీసు బోర్డు చూడండి. ఉన్ని బృందం ఉంటే వెళ్లి పలకరించండి. భాష, యాస అర్థం కాదన్న టెన్షన్ వద్దు. ఇద్దరు ఒకే పటాన్ని రెండు వైపుల నుంచి రుద్దుతున్నప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. నాకు ఈ ఊళ్లో స్నేహితులు దొరికింది అలాగే.

ఎడిటర్ గారూ, ఆగస్టులో ఇక్కడ హెరిటేజ్ వీక్ జరుగుతుంది. అప్పుడు చాలా ఊళ్లలో నేత, ఫెల్ట్, లేసు ప్రదర్శనలు పెడతారు. మీ ఐర్లండ్ పేజీలో వీసా కబుర్ల పక్కన ఆ వివరాలకు కాస్త చోటివ్వండి. మా వైపు ప్రదర్శనల తేదీలు ఖరారు కాగానే నేనే పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మేయో కౌంటీ, ఐర్లండ్