బరంపురం తెలుగోళ్ల సంఘం వార్షిక నివేదిక: విమానం కిట్ ఎందుకు కొనలేదంటే

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, దసరా, పిల్లల తెలుగు క్లాసులు ఎప్పట్లాగే జరిగాయి, లెక్కలు ట్రెజరర్ గారు చదువుతారు. ఈ ఏడాది మీటింగుల్లో సగం టైమ్ తినేసింది మాత్రం విమానం గోల, అందుకే దాని గురించే రాస్తున్నా.

రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ చూస్తూ పెరిగిన మన కుర్రాళ్లు కొందరు, విదేశీ కంపెనీ ఒకటి కొత్త డిజైన్ టూ సీటర్ విమానం కిట్ (విడిభాగాలు పంపిస్తారు, బిగించుకోవడం మన పని) అమ్ముతోంది, ముందు అడ్వాన్స్ కట్టినోళ్లకి రేటు తక్కువ, భవన నిధిలోంచి కొంత తీసి మనమే కట్టుకుందాం అని ప్రపోజల్ పెట్టారు. ముంబైలో అమోల్ యాదవ్ మేడ మీద విమానం కట్టలేదా అని వాదన. కట్టాడు, కానీ ఆయన ఎయిర్‌లైన్ పైలట్, అయినా 2016లో మేకిన్ ఇండియాలో చూపించిన విమానానికి ఎగరడానికి పర్మిట్ వచ్చేసరికి 2019 అయింది.

బ్రోచర్ ప్రింట్ తీసి టేబుల్ మీద పరిచాం. రైల్వేలో చేసి రిటైరైన మావయ్యగారు కళ్లజోడు పైకి తోసి, "ఒరేయ్, ఇంత ఎండలో నిలబెట్టారు, కింద నీడేదిరా?" అన్నారు. తీరా చూస్తే అది కంప్యూటర్లో గీసిన బొమ్మ. ఖాళీ బరువు 300 కిలోలు, మొత్తం 480 దాటకూడదని రాశారు, అంటే మనోళ్లిద్దరు 80 చొప్పున ఎక్కితే మిగిలేది 20 కిలోలు, దాంట్లో పెట్రోలు 27 లీటర్లు పడుతుందేమో, దాంతో గోపాల్‌పూర్ బీచ్ చూసి రావచ్చు గానీ కింద లైన్లో 1000 కిలోమీటర్ల రేంజ్ అట! ఇప్పటిదాకా బయటోళ్లు ఎంతమంది కట్టి ఎగరేశారు అని మెయిల్ పెడితే, ఆర్డర్లు బాగా వస్తున్నాయి అని జవాబు.

1970ల్లో బీడీ-5 అని ఇలాంటి విమానం కిట్టే ఒకటొచ్చింది (కాల్చే బీడీ కాదు), వేలమంది కొన్నారు, ఇంజిన్ సప్లై దెబ్బతిని చాలామందికి కిట్ వచ్చింది గానీ ఇంజిన్ రాలేదు. చాలామంది ఎగరేసిన కిట్ విమానం జోడియాక్ 601 ఎక్స్‌ఎల్‌కే గాల్లో రెక్కలు విరిగితే 2009లో అమెరికా దర్యాప్తు బోర్డు ఆపేయమంది, తర్వాత రెక్కలు గట్టిచేసి ఐలరాన్లకి (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) బ్యాలెన్స్ బరువులు పెట్టారు. అంతెందుకు, పదివేలకి పైగా ఆర్‌వీ రకం కిట్ విమానాలు ఎగురుతున్న వ్యాన్స్ కంపెనీయే 2023 డిసెంబర్లో దివాలా రక్షణకి వెళ్లింది, ఆర్డర్ పెట్టినోళ్లని పెంచిన రేటు కట్టమన్నారు. మరి ఎవరూ ఎగరేయని డిజైన్‌కి భవన నిధి ఎలా ఇస్తాం?

కట్టడానికి రెండువేల గంటలనుకుంటే, వారానికి పది గంటల లెక్కన దాదాపు నాలుగేళ్లు. అన్నాళ్లు ఎక్కడ పెడతాం? 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు మన హాలు రేకులే పక్క వీధిలో ఏరుకున్నాం.

చేతులెత్తమంటే వద్దన్నోళ్లే ఎక్కువ. కుర్రాళ్లకి కోపం వచ్చింది, ఒకడైతే రెండు నెలలు హాలు వైపే రాలేదు, అది నాకూ బాధే. చివరికి అల్యూమినియం రేకులు, డ్రిల్లు, పాప్ రివెట్లు కొనిచ్చి, ముందు చెయ్యి తిరగనివ్వండి, పదిమంది ఎగరేసిన డిజైన్ దొరికితే మళ్లీ కూర్చుందాం అన్నాం. మొదటివారం కన్నాలన్నీ కోడిగుడ్డు ఆకారమే. ఇప్పుడు నయం. వాళ్లు చేసిన మొదటి డబ్బా ఆఫీసు గుమ్మం దగ్గర హుండీగా పెట్టాం, అడుగున ఒక రివెట్ ఊడి రూపాయి బిళ్లలు కారుతున్నాయి, నోట్లే వెయ్యండి.